లంఘనం ఎవరు చేయాలి?



నేను 34 సంవత్సరాలు ఉన్నత పాఠశాలలో తెలుగు పండితునిగా పనిచేసి పదవీ విరమణ చేసినవాడిని. సంధులు, సమాసాలు, ఛందస్సు నా వృత్తి. ఇళ్లు కట్టడాన్ని గురించీ, అందులోనూ ఆర్కిటెక్టుల కష్టసుఖాలను గురించీ వ్రాయడానికి నీకేమి అర్హత ఉన్నదని ఎవరైనా అడిగితే తడుముకోవలసిందే. ‘ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు’ అన్న సామెతలోని రెండు పరీక్షలకూ కూర్చుని, అత్తెసరు మార్కులతో గట్టెక్కాను. అంతకు మించిన యోగ్యత లేదు. అయినా ఈ నాలుగు మాటలు వ్రాయక తప్పనిసరి అయినది. దానికి కారణం నా శిష్యుడు.

వాడి తాత మా గోదావరి ఊళ్లో పేరున్న తాపీమేస్త్రీ. 1975లో మా నాన్నగారు కట్టించిన ఇంటికి గోడలెత్తినది ఆయనే. మనుమడు నా దగ్గర ఎనిమిది నుంచి పది వరకు చదువుకొని, ఆపైన ఆర్కిటెక్చరు చదివి, హైదరాబాదులో స్వంత కార్యాలయం పెట్టుకొనేంతవాడయ్యాడు. మొన్న మాఘమాసంలో ఒక కళాశాలవారు వాడిని ఉపన్యాసానికి పిలిచారు. విషయం, ఆర్థిక మాంద్యంలో ఆర్కిటెక్టు నిలదొక్కుకొనడం ఎలా అని. “మాస్టారూ, మీరు ముందు వరుసలో కూర్చోవాలి” అని పట్టుబట్టి కారులో తీసుకొనివెళ్లాడు. కూర్చున్నాను, విన్నాను. వాడు పిల్లలకు నాలుగు సూత్రాలు చెప్పాడు.

ఒకటి, పని తగ్గగానే ముందుగా మనుషులను తగ్గించుకొనండి. రెండు, చిన్న పనులు ముట్టుకొనకండి, ముట్టుకుంటే చిన్నవారిగానే మిగిలిపోతారు. మూడు, ఆ రోజుల్లో చదువు ముగించి ఖాళీగా ఉన్న పిల్లలు దొరుకుతారు, అనుభవమే జీతమని చెప్పి చేర్చుకొనండి. నాలుగు, క్లయింటు ఏది కోరితే అది ఇవ్వండి, సిద్ధాంతాలకు అది సమయం కాదు.

చప్పట్లు మ్రోగాయి. తిరుగు ప్రయాణంలో, “ఎలా ఉన్నది మాస్టారూ?” అని అడిగాడు. “బాగా మాట్లాడావు నాయనా” అన్నాను. అది అబద్ధం కాదు. మాట్లాడడం బాగానే మాట్లాడాడు. మాట్లాడినదే బాగుగా లేదు. ఆ రెండవ వాక్యం వాడి ముఖం మీద అనలేకపోయినందుకు ప్రాయశ్చిత్తంగా ఇది వ్రాస్తున్నాను.

ముందు మాటతో మొదలుపెడతాను, నాకు వచ్చిన విద్య అదే గనుక. మాంద్యం అంటే మందత్వం, నెమ్మదించడం. ఆర్థికశాస్త్రం ఈ మాటను అరువు తెచ్చుకొనక ముందు మన ఇళ్లలో అది వైద్యుని నోట వినబడేది. అగ్నిమాంద్యం, అనగా కడుపులోని జఠరాగ్ని మందగించి తిన్నది అరగకపోవడం. దానికి వైద్యుడు చెప్పే మొదటి చికిత్స లంఘనం. లంఘనం పరమౌషధమని పెద్దలమాట. ఇంతవరకు నా శిష్యునికీ నాకూ పేచీ లేదు. పని తగ్గినప్పుడు ఖర్చు తగ్గవలసినదే. పేచీ అంతా ఒక్కచోటనే. ఆ లంఘనం ఎవరు చేయాలి? అజీర్తి చేసినది యజమానికి. పస్తు మాత్రం వంటవాడిచేత చేయిస్తానంటే అది ఏ వైద్యం? ఆ నాలుగు సూత్రాల సారాంశం అదేనని నా ఫిర్యాదు.

మొదటి సూత్రాన్ని చూద్దాము. మయమతం, మానసారం వంటి శిల్పగ్రంథాలు నిర్మాణం చేసేవారిని నలుగురిగా చెప్పాయి. స్థపతి, సూత్రగ్రాహి, వర్ధకి, తక్షకుడు. స్థపతి అందరికీ ఆచార్యుడు, నేటి ఆర్కిటెక్టు వంటివాడు. సూత్రగ్రాహి అంటే నూలు పట్టినవాడు, కొలతలు వేసేవాడు. మయమతం ఈ సూత్రగ్రాహిని స్థపతికి కుమారుడో శిష్యుడో అని చెప్పినది. ఈ నలుగురూ లేకుండా కట్టడం సాగదనీ చెప్పినది. నేటి కార్యాలయాలలో కంప్యూటరు ముందు కూర్చుని రాత్రి పది గంటల దాకా కొలతలు వేసే పాతికేళ్ల పిల్లలే ఆ సూత్రగ్రాహులు. పని తగ్గగానే మొదట తెంచేది ఆ నూలునే. ఈమధ్య కృత్రిమ మేధ క్షణాలలో బొమ్మలు గీసి ఇస్తున్నది గనుక ఇక వారితో పనేమిటని కూడా కొందరు అంటున్నారు. బొమ్మ గీయడం వేరు, కొలత పట్టడం వేరు. పడమటి గోడకు చెమ్మ ఎక్కడినుండి ఎక్కుతున్నదో ఆ గోడమీద చేయి వేసినవాడికి తెలుస్తుంది. ఆ చేతిని ఇంటికి పంపివేస్తే, మంచిరోజులు తిరిగి వచ్చినప్పుడు అది మరల రాదు. వేరే కొలువు చూసుకొంటుంది.

ఇది నా ఊహ కాదు. 2008 సెప్టెంబరు 15న అమెరికాలో లేమన్ బ్రదర్స్ దివాలా పిటిషను వేసినది. ఆ తరువాత నాలుగు నెలలకు, 2009 జనవరి 7న, హైదరాబాదులో సత్యం కంప్యూటర్స్ అధిపతి లెక్కలు తప్పుగా చూపామని లేఖ వ్రాశాడు. ఎక్కడో అమెరికాలో పడిన పిడుగుకు తోడు మన పెరట్లోనే మరొకటి పడినది. కరవులో అధికమాసం అన్నట్లుగా అయినది. ఆ సంవత్సరమే నా శిష్యుడు పనిచేస్తున్న సంస్థవారు ఒక శుక్రవారం సాయంత్రం ఎనిమిదిమందిని గదిలోకి పిలిచి, సోమవారం నుంచి రానక్కరలేదన్నారు. ఆ ఎనిమిదిమందిలో వీడు ఒకడు. ఒక సంచీ, ఒక కాగితాల చుట్ట పట్టుకొని ఊరికి వచ్చాడు. ఆరు నెలలు మా వీధి అరుగు మీద కూర్చున్నాడు. “ఇన్నేళ్లు చదివి తాపీ పట్టనూ లేను, కలం పట్టనూ లేను మాస్టారూ” అన్న వాడి గొంతు నాకు ఇంకా గుర్తున్నది.

మరి వాడేమి చేశాడు? 2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైనది. సైట్లు మూతపడ్డాయి, కూలీలు రోడ్లవెంట నడిచి స్వస్థలాలకు వెళ్లిపోయారు. అప్పటికి వాడి కార్యాలయంలో ఏడుగురు. మే నెల దాటకుండా ఐదుగురిని ఫోనులోనే తీసివేశాడు. వారిలో ఒక అమ్మాయి నా సహోపాధ్యాయుని కుమార్తె. ఆ పిల్లను చేర్చుకొమ్మని చెప్పినది నేనే. “పెదనాన్నగారూ, సార్ నన్ను తిట్టినా బాగుండేది. రెండు నిమిషాలు కూడా మాట్లాడలేదు” అన్నది. ఇప్పుడు ఆ పిల్ల ఇంట్లో ఉండి పిల్లలకు గణితం చెప్పుకొంటున్నది. ఆర్కిటెక్చరు జోలికి మళ్లీ పోలేదు. ఎవడు ఏ దెబ్బ తిన్నాడో వాడికి ఆ నొప్పి తెలుస్తుందని నేను తరగతిలో చెప్పేవాడిని. ఇక చెప్పను. దెబ్బ తిన్నవాడు కొట్టడం నేర్చుకొనడమూ ఉన్నదని నా శిష్యుడే నాకు నేర్పాడు.

కరువు కాలంలో పని తీసివేయడం గాక పని పెట్టడం కూడా లోకంలో ఉన్నది. లక్నోలో 1784 నాటి కరువులో నవాబు అసఫుద్దౌలా బడా ఇమాంబాడా నిర్మాణం తలపెట్టి ప్రజలకు కూలి కల్పించాడు. దానికి స్థపతి కిఫాయతుల్లా. నవాబు దాతృత్వాన్ని కీర్తించడం నా ఉద్దేశం కాదు. ఒక చిన్న కార్యాలయం నడుపుకొనేవాడిని నవాబులా ఖర్చుపెట్టమనడమూ కాదు. ఆకలి వేళ ముందుగా ఎవరి కంచం చూడాలి అన్న ప్రశ్న ఆనాడే ఉన్నదని చెప్పడమే.

రెండవ సూత్రం, చిన్న పనులు ముట్టుకొనవద్దన్నది. దీనికి సమాధానం అమెరికాలోనే ఉన్నది. 1929 అక్టోబరులో అక్కడి స్టాకు మార్కెట్టు కూలిన తరువాత కట్టడాలు నిలిచిపోయాయి. ఫ్రాంక్ లాయిడ్ రైట్ అప్పటికే జగత్ప్రసిద్ధుడు. అయినా ఆ రోజులలో చేతినిండా పని లేనివాడే. 1936లో హెర్బర్ట్ జేకబ్స్ అనే యువ పత్రికా రచయిత విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్ నగరంలో తనకు 5000 డాలర్లలో ఇల్లు కావాలని అడిగాడు. దాదాపు 70 ఏళ్ల వయసులో ఉన్న ఆ మహానుభావుడు, అంత చిన్న ఇంటికి నేనా అనలేదు. 1937లో ఇల్లు పూర్తయినది. మొత్తం ఖర్చు 5500 డాలర్లు, అందులో రైట్ రుసుము 450.

ఎలా సాధ్యమైనది? ఇల్లంతటి నేలమాళిగ లేదు, అటక లేదు. కారుకు గది బదులు చూరు క్రింద చోటు చాలన్నాడు. వంటగదిని కూర్చునే గదిలోకి తెరిచి ఉంచాడు. చలిదేశం గనుక నేలక్రింద గొట్టాలు వేసి వెచ్చదనం కల్పించాడు. తగ్గించినది ఇంటిలోని అనవసరాన్ని. ఇంటిలో ఉండేవాడి సుఖాన్ని తగ్గించలేదు. ఆ చిన్న ఇల్లు 2019లో రైట్ కట్టిన మరి ఏడు కట్టడాలతో పాటు యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరినది. చిన్న పని చేస్తే చిన్నవారిగా మిగిలిపోతామా?

అంత దూరం పోనక్కరలేదు. తిరువనంతపురంలో లారీ బేకర్ ఉండేవారు. 1917లో ఇంగ్లండులోని బర్మింగ్‌హాంలో పుట్టి, 2007లో తిరువనంతపురంలో కన్నుమూసినవారు. మన దేశంలో 1982 వరకు సిమెంటు పూర్తిగా ప్రభుత్వ నియంత్రణలో ఉండేది. ఆ సంవత్సరం కొంత, 1989లో మిగిలినది నియంత్రణ తొలగించారు. సిమెంటు దొరకని ఆ రోజులలోనే బేకర్ ఇటుకలను పక్కకు నిలబెట్టి నడుమ బోలు వదిలే కట్టుబడిని ప్రచారం చేశారు. దానితో ఇటుకలు నాలుగో వంతు ఆదా అయ్యేవి. శ్లాబులో క్రింది భాగాన కాంక్రీటు పెద్దగా బరువు మోయదని గ్రహించి అక్కడ పాత మంగుళూరు పెంకులు పెట్టించారు. పెద్ద కార్యాలయం లేదు, సైటు మీద మేస్త్రీలతో నిలబడి చేయించేవారు. సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ ప్రాంగణం అలాగే లేచినది. మాంద్యం అన్నది ధనవంతులకు ఎప్పుడో ఒకసారి వచ్చే జ్వరం. పేదవాడి ఇంట అది నిత్యనివాసి. ఆ నిత్యమాంద్యం కోసం కట్టడం నేర్చుకొన్నవాడికి అప్పుడప్పుడు వచ్చే మాంద్యం ఒక లెక్క కాదు.

మా నాన్నగారి ఇల్లు కూడా ఆ సిమెంటు కరువు కాలంలోనిదే. పర్మిట్టు మీద దొరికిన బస్తాలు పునాదికీ, మెట్లకూ సరిపోలేదు. అప్పుడు నా శిష్యుని తాత, “బాబుగారూ, సిమెంటు కోసం ఏడవకండి, గానుగ వేయిద్దాము” అన్నాడు. ఇంటి ముందు వృత్తాకారంగా కాలువ తవ్వి, రాతి చక్రానికి ఎద్దును కట్టి, సున్నమూ ఇసుకా నూరించాడు. పదిహేనేళ్ల వయసులో నేను ఆ ఎద్దు వెనుక తిరిగి నీళ్లు పోసినవాడిని. ఆ గోడలు ఈనాటికీ బీటలివ్వలేదు. ఆ తాత ఏ కళాశాలలోనూ మనుగడ సూత్రాలు వినలేదు. ఉన్నదానితో కట్టాలి, కట్టినది నిలవాలి అన్నదొక్కటే ఆయన ఎరిగిన సూత్రం. మనుమడు ఆ ఇంటి అరుగు మీదనే కూర్చుని చదువుకున్నాడు గాని, ఆ గోడను మాత్రం చదువలేదు.

మూడవ సూత్రం, అనుభవమే జీతమన్నది. నా మనసు ఎక్కువ కష్టపడినది ఇక్కడనే. ఆ సభలో కూర్చున్నవారంతా రేపు ఆ జీతం అందుకొనవలసిన పిల్లలే. చప్పట్లు కొట్టినదీ వారే.

ఇక్కడ మరల రైట్‌ను తలచుకొనక తప్పదు. ఈసారి మెచ్చుకోలు కాదు. 1932లో పనిలేని రోజులలో ఆయన తన ఇంటివద్ద టాలియెసిన్ ఫెలోషిప్ పేరిట శిష్యులను చేర్చుకొన్నాడు. ఏడాదికి మొదట 650 డాలర్లు, త్వరలోనే 1100 డాలర్లు రుసుము. జీతమిచ్చుట కాదు, శిష్యులే ఇచ్చుకొనుట. వారు నక్షాలు గీశారు, పొలం దున్నారు, వంట వండారు, కట్టడాలు కట్టారు. గురుకులమని కొందరు దీనిని పొగుడుతారు. ఆ గురుకులం నుండి మంచి ఆర్కిటెక్టులు వచ్చిన మాట నిజమే. కాని రుసుము కట్టగలిగిన తండ్రి ఉన్నవాడికే ఆ గురుకులం. తాపీమేస్త్రీ మనుమడికి అందులో చోటుండేదా? ఈ ప్రశ్న నా శిష్యుడు తనను తాను వేసుకొనవలసినది. జీతం లేని అనుభవం కలవారి పిల్లలకే దొరుకుతుంది. లేనివారి పిల్లలు వేరే కూలికి పోవలసిందే. ఆ విధంగా ఒక్కొక్క మాంద్యమూ ఈ వృత్తిలోకి లేనివారు వచ్చే తలుపును కాస్త కాస్తగా మూసివేస్తుంది.

అదే దేశంలో, అదే కాలంలో, మరొక మార్గమూ తెరిచారు. 1933 నవంబరులో చార్లెస్ పీటర్సన్ అనే నేషనల్ పార్క్ సర్వీస్ ఉద్యోగి తన పైవారికి ఒక ప్రతిపాదన వ్రాశాడు. పనిలేక ఉన్న 1000 మంది ఆర్కిటెక్టులకూ నక్షాకారులకూ 10 వారాలపాటు జీతమిచ్చి దేశంలోని ముఖ్యమైన పాత కట్టడాలను కొలిపించి గీయిద్దామన్నాడు. పైవారు రోజులలోనే ఒప్పుకొన్నారు. 1934 జనవరికి పని మొదలైనది. హిస్టారిక్ అమెరికన్ బిల్డింగ్స్ సర్వే అని దాని పేరు. ఆ పిల్లలూ పెద్దలూ కొలతాడు పట్టుకొని పాత ఇళ్లలో, చర్చీలలో, గాదెలలో తిరిగారు. వాటిలో తరువాత కూలిపోయినవి ఎన్నో. కాని గీతలు మిగిలాయి. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఈనాటికీ ఎవరైనా చూడవచ్చు. అక్కడ అనుభవమూ దొరికినది, జీతమూ దొరికినది, దేశానికి ఒక ఆస్తీ దొరికినది.

మనవద్ద కొలవవలసినవి లేవా? గోదావరి జిల్లాల మండువా లోగిళ్లు ఒక్కొక్కటిగా నేలమట్టమవుతున్నాయి. పెంకుటిళ్ల దూలాలు పాత సామాను కొట్లకు పోతున్నాయి. విజయవాడలో స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ వెలసినది 2008లో. హైదరాబాదులో జవహర్‌లాల్ నెహ్రూ పేరిట ఆర్కిటెక్చరు, లలితకళల విశ్వవిద్యాలయం వెలసినదీ 2008లోనే. మాంద్యం పుట్టిన సంవత్సరమే పుట్టిన ఆ రెండు చదువుల గుడుల దగ్గర నుండి, పని తగ్గినప్పుడల్లా ఖాళీ పడిన పిల్లలకు జీతమిచ్చి జిల్లాకొక బృందాన్ని పంపితే ఎంత బాగుండును! ప్రభుత్వాలకు అది పెద్ద ఖర్చు కాదు. ఒక రాజకీయ సభకయ్యే షామియానాల పద్దులో సర్దుకొంటుంది.

నాలుగవ సూత్రం, క్లయింటు కోరినది ఇవ్వమన్నది. పని లేని రోజులలో మన తెలుగు ఊళ్లలో విరివిగా దొరికే పని ఒక్కటే. అది వాస్తు దోషాలు సవరించడం. వ్యాపారం దెబ్బతిన్నవాడు తన లెక్కల పుస్తకం చూసుకొనడు. ఈశాన్యంలో మెట్లు ఉన్నాయేమో చూసుకొంటాడు. చక్కటి గోడ పగులగొడతాడు, గాలి వచ్చే కిటికీ మూయిస్తాడు, అప్పుచేసి వాకిలి మారుస్తాడు. మాంద్యంలో నష్టపోయినవాడిచేత మరింత ఖర్చుపెట్టించే ఈ విద్యకు, తెలిసి తెలిసి, ఆర్కిటెక్టు నక్షా గీసి ఇస్తే దానిని సేవ అనవచ్చునా?

నన్ను నాస్తికుడని అనుకొనకండి. నేను సంధ్యావందనం మానినవాడిని కాను. వాస్తు అన్న మాట ‘వస్’ అనే ధాతువు నుండి వచ్చినది. వసించడం దాని అర్థం, అనగా మనిషి హాయిగా నివసించే చోటు. ఆ శాస్త్రమే స్థపతి ధార్మికుడై, మాత్సర్యం లేనివాడై, సప్తవ్యసనాలూ లేనివాడై ఉండాలని చెప్పినది. గోడ పగులగొట్టవలసిన పని లేదని తెలిసీ పగులగొట్టించేవాడు ఆ లక్షణాలలో దేనికి సరిపోతాడు? “ఈ గోడ బాగున్నది, ముట్టుకోకండి, ఆ డబ్బుతో కారుతున్న కప్పు బాగుచేయించుకొనండి” అని చెప్పగలగడమే మాంద్యంలో ఆర్కిటెక్టు చేయవలసిన మొదటి సేవ. ఆ సలహాకు రుసుము తీసుకొమ్మనండి, తప్పు లేదు.

ఇంతవరకు వ్రాసి, న్యాయం కాదనిపించి, నా శిష్యునికి ఫోను చేసి చదివి వినిపించాను. కోప్పడతాడనుకొన్నాను. చాలాసేపు ఊరకున్నాడు. తరువాత అన్నాడు, “మాస్టారూ, అద్దె ఎవరు కడతారు? 2020లో నాకు రావలసిన ఆఖరి వాయిదాలు నలుగురి దగ్గర ఆగిపోయాయి. ఒక్కరూ ఫోను ఎత్తలేదు. మా ఆవిడ గాజులు బ్యాంకులో పెట్టాను. ఆ ఐదుగురిని ఉంచుకొని ఉంటే ఏడుగురమూ మునిగేవాళ్లము. ఆ అమ్మాయితో రెండు నిమిషాలే మాట్లాడానంటే, మూడో నిమిషం మాట్లాడితే ఏడ్చేస్తానని.”

ఈ మాట దాచివేస్తే నేను వ్రాసినదంతా ఏకపక్షం అవుతుంది. వాడి మాటలో నిజమున్నది. ఆర్కిటెక్టు తన క్రిందివాడిచేత లంఘనం చేయిస్తున్నాడు సరే, ఆర్కిటెక్టుచేత చేయిస్తున్నది ఎవరు? మనమే. 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టం క్రింద కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ ఏర్పడినది. రుసుముల పట్టికా ఉన్నది. దానిని చూసి డబ్బిచ్చినవారు మన ఊళ్లలో ఎందరు? 2020 మార్చిలో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని వివరిస్తూ, ఆర్కిటెక్టు అన్న పేరు వాడుకొనడానికే రిజిస్ట్రేషను కావాలి గాని, ఆ పని ఇతరులు చేయడాన్ని చట్టం నిషేధించలేదని చెప్పినది. చట్టం కాపాడేది పేరును. పనిని కాపాడవలసినది పని చేయించుకొనేవారి మర్యాదే. ఆ మర్యాద మనకు ఎంత ఉన్నది?

నా సంగతే చెప్పుకొంటాను. 2014లో మా ఇంటి మేడమీద ఒక గది వేయదలచి, ఈ శిష్యునిచేతనే ప్లాను గీయించుకొన్నాను. వాడు రెండుసార్లు హైదరాబాదు నుండి వచ్చి, కొలిచి, గాలివాటం చూసి గీసి ఇచ్చాడు. నేను ఆత్రేయపురం పూతరేకులు ఒక పెట్టె ఇచ్చి పంపాను. కాగితం మీద నాలుగు గీతలు గీసినందుకు శిష్యుడికి డబ్బులేమిటి అనుకొన్నాను. పైగా వాడు పెట్టిన కిటికీ ఒకటి ఖర్చని మేస్త్రీచేత మాన్పించాను. ఆ గది వేసవిలో కొలిమి. నేను వాడికి బాకీ. ఆ అమ్మాయికి ఆగిపోయిన జీతంలో నా పూతరేకుల పెట్టె వాటా కూడా ఉన్నది.

అయినా నా అభియోగం విరమించుకొనను, సవరించుకొంటాను. మునుగుతున్న పడవలోనుండి బరువు దించడం తప్పు కాదు. ముందు దించవలసినది మనుషులను కాదన్నదే నా వాదం. ముందుగా యజమాని తన రాబడి తగ్గించుకొనాలి. తరువాత నగరం నడిబొడ్డున ఉన్న అద్దాల గది విడిచిపెట్టాలి. ఆ తరువాత పనిదినాలు అందరికీ సమంగా తగ్గించాలి, వారానికి ఆరు రోజులు మూడైనా సరే, ఏడుగురూ మూడేసి రోజులు చేస్తారు. పద్దు పుస్తకం అందరి ముందూ తెరవాలి. అప్పటికీ కుదరకపోతే ఎదురుగా కూర్చోబెట్టి, మూడో నిమిషం కూడా మాట్లాడి, ఏడుపు వస్తే ఏడ్చి పంపాలి. గురువు శిష్యుని ముందు కన్నీరు పెడితే గౌరవం తగ్గదు.

మరొక్క మాట. చిన్న పనులు, మరమ్మతులు, పాత కట్టడాల కొలతలు, ఇవి కష్టకాలంలో హఠాత్తుగా నేర్చుకొనేవి కావు. మంచిరోజులలోనే కార్యాలయంలో ఒక బల్ల వాటికి కేటాయించి ఉంచుకొనాలి. ఏతాం బావి ఎండినప్పుడు తొక్కడం నేర్చుకొంటే ఏమి లాభం? వరుసగా పది అంతస్తులే గీసిన చేతికి, రెండు సెంట్ల స్థలంలో ఇల్లు కట్టుకొనే ఆటో డ్రైవరు వచ్చి నిలబడితే ఏమి చేయాలో తోచదు. ఆ డ్రైవరుకు ఆర్కిటెక్టు అవసరం పది అంతస్తుల ఆసామికన్నా ఎక్కువ. వాడికి వృథా అయ్యే ప్రతి బస్తా సిమెంటూ వాడి బిడ్డ ఫీజు. అలాంటివారు మాంద్యంలోనూ ఇళ్లు కట్టుకొంటూనే ఉంటారు. ఇల్లు కూలితే కట్టుకొనక తప్పదు గనుక. వారి వద్దకు ఆర్కిటెక్టు పోడు, ఆర్కిటెక్టు వద్దకు వారు పోరు. ఈ దూరమే అసలైన మాంద్యం.

2009లో నా శిష్యుడు అరుగు మీద కూర్చున్న ఆరు నెలలలో నేను వాడికి ఒక పని పురమాయించాను. మా ఉన్నత పాఠశాల పాత భవనం కారుతున్నదని, పడగొట్టవలసినదేనని అందరూ అనుకొంటున్న రోజులు. “కూర్చుని ఏమి చేస్తావు, ఆ బడిని కొలిచి గియ్యి” అన్నాను. తొమ్మిదో తరగతి పిల్లలిద్దరిని వెంటబెట్టుకొని, టేపు పట్టుకొని, పదకొండు రోజులు కొలిచాడు. పద్నాలుగు కాగితాలు గీశాడు. గీస్తుండగానే తెలిసినది, కప్పులో లోపం లేదు, వాననీరు పోయే తూములు రెండు ఎవరో పూడ్చివేశారు. తూములు తెరిపించాము. బడి ఇంకా నిలబడి ఉన్నది. ఆ పని కూడా వాడిచేత ఉచితంగానే చేయించుకొన్నానని ఇది వ్రాస్తుంటే గుర్తుకు వచ్చినది. అదీ నా బాకీలో కలపాలి.

ఆ పద్నాలుగు కాగితాలూ నా బీరువాలో పట్టుచీరల మడతలో ఉన్నాయి. నాయనా, నీవు కళాశాలల్లో పిల్లలకు మళ్లీ ఎప్పుడైనా ఉపన్యసించబోతే, ముందు మా ఇంటికి వచ్చి ఆ కాగితాలు తీసుకొనివెళ్లు. నాలుగు సూత్రాల బదులు వాటిని చూపించు. నీకు ఇవ్వవలసిన రుసుము కూడా కవరులో పెట్టి అక్కడే ఉంచాను. ఆ మొత్తం చాలునో చాలదో నీవే చెప్పాలి.

స్వస్తి.